సిగ్నలు గీతలు చాలవు, అంకె చూడవలెను

పాపాఘ్ని ఒడ్డున గాని, కమలాపురము నల్లరేగడి చేలలో గాని బోరు వేసుకొన్న రైతుకు సెల్‌ఫోను స్టార్టరు మంచి సాయము. చీకటిలో పురుగుపుట్ర నడుమ చేనికి పోనక్కర లేకుండ ఇంటి నుండియే మోటారును వేయవచ్చును, ఆపవచ్చును. అయితే మన ఆజ్ఞ స్టార్టరుకు చేరవలెను గదా! ‘ఆపు’ అన్న మాట అందనిచో నీరు అడుగంటిన బోరులో మోటారు ఉత్తగా తిరిగి కాలిపోవచ్చును. ‘వేయు’ అన్న మాట అందనిచో తడి తప్పి పైరు వాడును. కావున ఎరువు మోతాదు తెలిసికొన్నట్లే సిగ్నలు కొలతను చదువుటయు రైతు నేర్వవలెనని నా అభిప్రాయము.

ఫోనుపై కనబడు గీతలను నమ్మి స్టార్టరు కొనరాదు. ఎంత సిగ్నలుకు ఎన్ని గీతలు చూపవలెనో ఒక్కొక్క ఫోను కంపెనీ ఒక్కొక్క విధముగ నిర్ణయించుకొనును. అసలు కొలత అంకెలో ఉండును. అనేక ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని ‘అబౌట్ ఫోన్’ తెరచి ‘సిమ్ స్టేటస్’ చూచిన యెడల ‘మైనస్ 85 డీబీఎం’ వంటి అంకె కనబడును.

ఈ మైనస్ అంకెను అప్పువలె భావింపుడు. అప్పు తగ్గినకొలది మేలు. మైనస్ 70 మంచిది, మైనస్ 100 బలహీనము. పది అంకెలు దిగినచో సిగ్నలు పదవ వంతగును. మూడు దిగినచో సగమగును. అనగా మైనస్ 70 నుండి మైనస్ 100కు పడినచో మిగులునది వెయ్యవ వంతు మాత్రమే. కావున రెండు మూడు అంకెల తేడాను కూడ చిన్నచూపు చూడరాదు.

కొన్ని స్టార్టర్లు మెసేజి ద్వారా 0 నుండి 31 వరకు వేరొక అంకెను పంపును. ఇందులో పెద్దదే మేలు. దానిని రెట్టింపు చేసి 113 నుండి తీసివేసి, వచ్చిన దానికి ముందు మైనస్ చేర్చిన యెడల డీబీఎం తెలియును. 20 వచ్చినచో మైనస్ 73, 10 వచ్చినచో మైనస్ 93. పదికి తక్కువైనచో నమ్మకము చాలదు. 15 దాటినచో నిశ్చింత.

ఇచట ఒక ముఖ్య హెచ్చరిక. 99 వచ్చినచో నూటికి తొంబదితొమ్మిది మార్కులని సంతోషింపరాదు. కొలత తెలియలేదని దాని అర్థము. ‘18,99’ అని రెండు అంకెలు వచ్చినచో మొదటిదే సిగ్నలు; రెండవది తప్పుల కొలత తెలియలేదని చెప్పునది, దానికి భయపడనక్కర లేదు.

ఫోనులో బాగున్న సిమ్ము స్టార్టరులో పనిచేయకపోవుటకు వేరొక కారణము కూడ కలదు. జియోకు 2జి లేదు. 2జి మాత్రమే తెలిసిన స్టార్టరులో ఆ సిమ్ము వేసినచో ఎంత దగ్గర టవరున్నను ఫలితముండదు. 4జి అంకెను 2జి అంకెతో పోల్చుటయు తగదు. ఆ రెండింటిని కొలుచు తీరు వేరు.

మరియొక సంగతి. మన సాధనము చూపునది టవరు మాట మనకెంత వినబడుచున్నదో మాత్రమే. మన మాట టవరుకు వినబడుచున్నదో లేదో ఆ అంక తెలుపదు. కావున ‘మోటారు ఆగినది’ అని స్టార్టరు నుండి తిరుగు జవాబు వచ్చువరకు పని జరిగినట్లు తలపరాదు. సిగ్నలు ఎంత బాగున్నను నీరు లేనప్పుడు మోటారును తానే ఆపు రక్షణ స్టార్టరులో ఉండి తీరవలెను.

ఇనుప పెట్టెలోపల ఏంటెన్నా ఉంచినచో సిగ్నలు బాగుగ తగ్గును. దానిని వెలుపల ఎత్తున బిగింపవలెను. కాని కరెంటు తీగెల దాపున గొట్టము నిలుపరాదు, పెట్టెను తెరచుటకు ముందు కరెంటు తీసివేయవలెను. బోడి చేనిలో చూచిన అంకె చీనీ తోట పెరిగిన పిమ్మట, వానకు ఆకులు తడిసిన పిమ్మట నిలువదు. అందువలన కనీసము పది అంకెలు అదనముగ ఉండునట్లు చూచుకొనుడు.

స్టార్టరు అమ్మువారు పెట్టె బిగించు చోటనే, వేయబోవు సిమ్ముతోనే, ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము మూడుసార్లు అంకె చూచి రసీదుపై వ్రాసి ఇవ్వవలెను. వ్రాయనివారి వద్ద కొనకుడు. గ్రామోద్యోగులకు కూడ ఒక మనవి. పంట నమోదుకు చేల వెంట తిరుగునపుడు ఏ పొలమున ఏ కంపెనీ సిగ్నలు ఎంత అందుచున్నదో రైతు సేవా కేంద్రములో ఒక పుస్తకమున వ్రాసి ఉంచుడు. దీనికి పైకము ఖర్చు లేదు. ‘మా ఊరిలో సిగ్నలు లేదు’ అన్న ఫిర్యాదును ఎవరైనను తోసివేయవచ్చును. సర్వే నంబరు, తేదీ, అంకెతో కూడిన ఫిర్యాదుకు జవాబు చెప్పక తప్పదు.