ఓడే వేషం మనవాడికేనా?

వరంగల్లులో కుర్రకారున్న ఇళ్ళలో ఈ వాదం ఇంకా తెగలేదు. 2025 డిసెంబరు 13న వాషింగ్టనులో జాన్ సీనా తన ఆఖరి కుస్తీలో గుంథర్ పట్టుకు లొంగిపోవడమేమిటని ఒక పక్షం. వెళ్ళేవాడు గెలుపును ఉండేవాడికి అప్పగించిపోవడం ఆ వృత్తి మర్యాదని రెండో పక్షం. “అంతా ముందే రాసుకున్నదేగా!” అని పెద్దలు పేపరు వెనకనుంచి తీర్పు చెబుతారు.

రాసుకున్నదేనండీ. ఇది పోటీ కాదు, వినోదమని ఆ కంపెనీవారే 1989లో న్యూజెర్సీ సెనేటు ముందు ఒప్పుకున్నారు. అయితేనేం? శశిరేఖ పెళ్ళి ఎవరితో అవుతుందో తెలియకనా సురభివారి మాయాబజారుకు టిక్కెట్టు కొంటాం? వేషాలు ఎలా పంచారన్నదే అసలు పేచీ.

2023 సెప్టెంబరు 8న డబ్ల్యూ.డబ్ల్యూ.ఇ. వారు హైదరాబాదు గచ్చిబౌలిలో ప్రదర్శన ఇచ్చారు. హర్యానా కుర్రాడు, ఆజానుబాహువు శాంకీని ఈ గుంథర్ మీదికే పంపారు. ఓడాడు. వీర్, సాంగా జోడీ కూడా ఓడింది. పోనీ, కథ కదా అనుకుందాం. సరిగ్గా పదమూడు రోజులకు, సెప్టెంబరు 21న, శాంకీకి కొలువులోంచే ఉద్వాసన చెప్పారు! అది మాత్రం వేషం కాదు.

వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడుగారు సొంత సర్కసు పెట్టుకున్నారు గనుక తన బలానికి తానే యజమాని. శాంకీకి ఆ భాగ్యమేదీ?

సీనా ఓటమికి అన్నం మానేసిన మీ అబ్బాయికి శాంకీ పేరు గుర్తుందేమో, ఒకసారి అడిగి చూడండి.