పొడుం బుడ్డి

పిల్లలూ! మా తాతగారి రొండిన ఎప్పుడూ పొడుం డబ్బీ ఉండేది. చైనావారు మాత్రం పొడుమును బుడ్డిలో పోసుకునేవారు. ఎందుచేత?

పొగాకు పొడుం 17వ శతాబ్దంలో ఐరోపావారి ద్వారా చైనా చేరింది. ఐరోపావారు దానిని డబ్బీలలో దాచేవారు. చెమ్మగాలికి డబ్బీలో పొడుం ముద్దకడుతుంది, వాసనా పోతుంది. అందుచేత చైనావారు సన్నమూతి మందుబుడ్లలో పోసి బిరడా బిగించారు. పొడుం పీలిస్తే జలుబు, తలనొప్పి పోతాయని వారనుకునేవారు. అది వట్టి భ్రమ, పొగాకు చెరుపే చేస్తుంది!

మరి ఆ మూతిలో వేలు దూరదే, పొడుం తీసేదెలా? బిరడా అడుగున పుల్లవంటి చిన్న చెంచా అమర్చారు! బిరడా తీస్తే చెంచా కూడా వచ్చేది.

జింగ్‌డెజెన్ పట్టణపు పనివారు పింగాణీతో, అరచేతిలో ఇమిడే బుడ్లు చేసి, వాటిపై పువ్వులు, డ్రాగన్లు చిత్రించారు. ఇప్పుడవి మ్యూజియములలో ఉన్నవి. అందరూ బొమ్మలు చూసి మెచ్చుకుంటారు. బిరడా కింది చెంచా ఎవరికీ కనబడదు.