పట్టీ కట్టిన చేతికి పట్టా ఏదీ?

ఆకెన్ అనగానే మనవాళ్లకు ఆర్‌డబ్ల్యూటీహెచ్, ఎమ్మెస్, జాబ్... ఇవే గుర్తొస్తాయి. అదే యూనివర్సిటీ ఆస్పత్రి బయటికి పైపులతో అచ్చం ఫ్యాక్టరీలా ఉంటుంది. దాని ముందే నిలబడి 'ఆస్పత్రి ఎక్కడండీ' అని ఎవరైనా అడిగినా ఆశ్చర్యం లేదు!

జర్మనీలో నర్సుల కొరత ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోంది. బాగానే ఉంది. మరి మిలిటరీ నుంచి వచ్చినవాళ్ల మాటేమిటి? మిలిటరీ నర్సింగ్ సర్వీసులో బీఎస్సీ చదివి ఆఫీసర్లయినవాళ్లకు కాగితాల బెంగ లేదు. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్లుగా చేరిన జవాన్ల సంగతే వేరు. పదిహేనేళ్లకు పైగా రక్తం ఆపి, సెలైన్లు ఎక్కించి, స్ట్రెచర్లు మోసి, చాలామంది నలభై దాటకుండానే పెన్షన్‌తో ఇంటికొస్తారు. ఇక్కడ ఐసీయూలో నర్సుగా చేరాలంటే ముందు జీఎన్‌ఎమ్మో బీఎస్సీయో చూపించాలి, బీ2 జర్మన్ రావాలి. లేదంటే పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చుని మూడేళ్ల 'ఆస్‌బిల్డుంగ్' చదవాల్సిందే. స్టైపెండ్ ఇస్తారనుకోండి, కానీ ఇంటి దగ్గర పెళ్లాం పిల్లలు?

రూల్ తప్పని నేననను. గాయానికి కట్టుకట్టి హెలికాప్టర్ ఎక్కించడం వేరు, వెంటిలేటర్ మీదున్న ముసలాయన్ని పదిరోజులు కనిపెట్టుకుని ఉండటం వేరు. అయితే జర్మన్ సైన్యం తన మెడిక్‌లలో చాలామందికి సర్వీసులో ఉండగానే బయట చెల్లే పారామెడిక్ సర్టిఫికెట్ చదివిస్తుంది. మనవాళ్లకేమైంది? సర్వీసు చివర్లో జీఎన్‌ఎం పూర్తి చేయిస్తే, జర్మన్ నేర్పే పని టామ్‌కామ్ లాంటివి చూసుకుంటాయి. పెన్షన్ కాగితాలతోపాటు ఆ సర్టిఫికెట్ కూడా చేతిలో పెట్టి పంపండి.