నాటకశాలలోని మాయ

మాయలు, మంత్రములు గల నవలలు చదువుట కాలము వృథా చేయుటయేయని తలంచు పెద్దలు ప్రతి యూరను కలరు. యంత్రములు రేయింబవళ్ళు తిరుగు సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమున ఈ మాట మరింత బలముగా వినబడుట సహజము. అచ్చటి పారిశ్రామికవాడలలో మందులు, రసాయనములు, యంత్రభాగములు తయారగుచున్నవి. 1972లో పటాన్‌చెరువద్ద నెలకొన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థయగు ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ పైరులపై పరిశోధనలు జరుగుచున్నవి. కొలతకు, తూనికకు నిలిచినదే నిజమని నమ్ము ఇట్టి చోట, గాలిలో నెగిరెడు బాలుని కథ విద్యార్థికేమి మేలు చేయును? ఈ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. నాటకశాలలో పుట్టిన మాయాకథయే దీనికి చక్కని సమాధానము చెప్పగలదు.

స్కాట్లండు దేశమున జన్మించిన జె. ఎం. బారీ రచించిన ‘పీటర్ పాన్’ అట్టి కథ. అది 1904వ సంవత్సరము డిసెంబరు నెలలో లండను నగరమందలి యొక నాటకశాలలో మొదట ప్రదర్శింపబడినది. ఎన్నటికిని పెద్దవాడు కాని పీటర్ అను బాలుడందు నాయకుడు. సన్నని తీగల సాయముతో నటులు వేదికపై నెగిరిరి. టింకర్ బెల్ అను చిన్న దేవకన్య పాత్రకు నటియే లేదు. అటునిటు కదలాడు వెలుగుచుక్కయే ఆమె. ఆమె విషము త్రాగి క్షీణించుచుండగా, దేవకన్యలు కలరని నమ్మువారు చప్పట్లు కొట్టవలసినదని పీటర్ ప్రేక్షకులను వేడుకొనును. ఆ చప్పట్లతో ఆమె బ్రదుకును. 1911లో బారీ ఈ కథను నవలగా వ్రాసెను. నవలలో వేదిక లేదు, దీపము లేదు, ప్రక్కన కూర్చున్న ప్రేక్షకులును లేరు. అయినను ఆ వేడుకోలు అందును ఉన్నది. గది మూలను ఒంటరిగా కూర్చుండి చదువు బాలుడే దానికి బదులు చెప్పవలెను.

నాటకము చూచుటకును, నవల చదువుటకును గల భేదమిదియే. నాటకశాలలో తెరలు లాగువారు, దీపములు చూచువారు, రంగులు వేయువారు వేరుగా నుందురు. నవల చదువునపుడు ఆ పనులన్నియు పాఠకుడే చేసికొనవలెను. రచయిత మాటలు మాత్రమే ఇచ్చును. ఆ మాటలతో మేడలు కట్టువాడు, పాత్రలకు కంఠస్వర మొసగువాడు, వెలుగుచుక్కను కదలించువాడు చదువరియే. ఇట్టి శ్రమ లేక ఊహాశక్తి పెరుగదు. ఊహింపలేనివాడు క్రొత్త యంత్రమునైనను, క్రొత్త మందునైనను కనుగొనజాలడు.

మాయను తమ చేతులతో కల్పించువారిని చూడగోరిన పటాన్‌చెరు బాలలు లండను నగరమునకు పోనక్కరలేదు. హైదరాబాదువైపు సాగు దారిలో రామచంద్రాపురము దాటినచో లింగంపల్లి వచ్చును. సురభి నాటక కుటుంబములు నివసించు కాలనీ అచ్చటనే కలదు. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామమున వనారస గోవిందరావు ప్రభృతులు ‘కీచకవధ’ నాడుటతో ఆ సమాజము ఆరంభమైనది. స్త్రీపాత్రలను పురుషులే ధరించుచున్న ఆ దినములలో, సురభివారు తమ యింటి స్త్రీలచేతనే స్త్రీపాత్రలు ధరింపజేసిరి. వారి ‘మాయాబజార్’, ‘పాతాళభైరవి’ నాటకములు పేరుపొందినవి. నారదుడు మేఘములనుండి దిగివచ్చును, వేదికపై వాన కురియును, మంటలు లేచును. ఈ వింతలన్నిటి వెనుకను త్రాళ్ళు, కప్పీలు, దీపములు ఉన్నవి. వానిని నడుపు చేతులున్నవి. వేషము లేనివేళ నటుడే తెర లాగును.

పెద్దల భయమునకు సమాధానమిచ్చటనే దొరకును. మాయాకథలు చదివిన బాలుడు మూఢవిశ్వాసములలో పడునని వారి శంక. అయితే మాయ వేరు, మోసము వేరు. నాటకము తాను నాటకమని ముందుగనే చెప్పును. తెర పడిన పిదప ప్రేక్షకుని ఇంటికి పంపివేయును. నవలయు అట్లే, తుదిపుట ముగియగానే చదువరిని విడిచిపెట్టును. పాతర ధనము చూపెదనని సొమ్ము గుంజువాడును, మంత్రముతో రోగము కుదుర్చెదనని వైద్యుని కడకు పోనీయనివాడును తమది నాటకమని చెప్పరు, తెర పడనీయరు. మంచి మాయాకథలు చదివినవానికి ఈ భేదము క్రమముగా బోధపడును. తెర వెనుక ఏమున్నదని అడుగుట వాని కలవాటగును. శాస్త్రజ్ఞుడడుగు ప్రశ్నయు అదియే.

ఈ ప్రశ్న వానిని మరియొక సత్యమునకును చేర్చును. అంగడిలో కొన్న మందుబిళ్ళ వెనుకను ఒక తెర కలదు. దాని వెనుక రాత్రి షిఫ్టులో నిదుర మాని పనిచేసిన కార్మికులున్నారు. పటాన్‌చెరు బాలురలో అనేకులకు వారు తల్లిదండ్రులో, ఇరుగుపొరుగువారో అగుదురు. వింతను చూచి మెచ్చుకొనువాడు, దానిని చేసిన చేతులను కూడ తలంచవలెను.

మాయలున్న ప్రతి పుస్తకమును మంచిదని దీని భావము కాదు. రాక్షసుని వెనుక రాక్షసుని నిలుపుటయే గాని, ధైర్యము, స్నేహము, త్యాగము ఎరుగని కథలు ఆకలి తీర్చని చిరుతిండ్లవంటివి. శాస్త్రపాఠమునకు బదులుగా నవల చదువుటయు తగదు. రెండును విద్యార్థికి అవసరమే. ఒకటి త్రాడు ఎట్లు పనిచేయునో చెప్పును. మరియొకటి ఆ త్రాటితో నేమి చేయవచ్చునో చూపును.

కావున పాఠశాల గ్రంథాలయమున మాయాకథల నవలలకు తగిన చోటుండవలెను. వానిని చదువు బాలుని చేతినుండి పుస్తకము లాగికొనక, కథ ముగియువరకు చదువనీయవలెను. తెర వెనుక త్రాడున్నదని తెలిసియు, నారదుడు దిగివచ్చునపుడు మనసార చప్పట్లు కొట్టగల విద్యార్థిని మోసగించుట ఎవరికిని సులభము కాదు.