పువ్వు అమ్మది, పేరు ఎవరిది?



గత వారం రాజోలు దగ్గర మా పేటకి వెళ్ళాను. అమ్మ అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. ఒడిలో ఆరు రేకుల పువ్వు. "ఇది నీ డిజైనే కదమ్మా?" అన్నాను. "నాదేనే. ఏజెంటు శాంపిల్‌కని పట్టుకెళ్ళాడు. ఇప్పుడు ఆయనే ఆర్డరని నాకిస్తన్నాడు" అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు.

అమ్మకి కూలి దారం లెక్కన. ఎంత దారం అల్లితే అంత డబ్బు. పువ్వు ఊహించినందుకు పైసా లేదు. అంటే ఆమె వేళ్ళకి ధర ఉంది గానీ తలకి లేదు. ఇది మనకి కొత్త లెక్కేం కాదు.

చరిత్ర కొంచెం చూద్దాం. గోదావరి అవతల నరసాపురం ప్రాంతానికి లేసు 19వ శతాబ్దంలో మిషనరీలతో వచ్చింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో నరసాపురం లేసు స్త్రీల మీద ఒక పుస్తకం వేశారు. మొదట ఈ పని నేర్చినవాళ్ళు క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగ స్త్రీలేనని, తర్వాత అది ఇల్లు దాటని కాపు స్త్రీలకు పెద్ద ఎత్తున చేరిందని రాశారు. ఎగుమతిదారులు లక్షలు చూస్తుంటే అల్లేవాళ్ళని "ఖాళీగా ఉన్న గృహిణులు" అన్నారు. పని కూడా ముక్కలైంది. పువ్వు అల్లేది ఒకరు, అతికేది ఇంకొకరు. మొత్తం డిజైన్ మాత్రం వ్యాపారి దగ్గరే.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఆ గుర్తింపు కాపాడేది ప్రాంతం పేరుని. ఫలానా పువ్వు ఫలానా ఆమెదని అది చెప్పదు.

మరి ఎవరు చెప్పాలి? మనమే రాసి చెప్పాలి.

ఆ సాయంత్రమే నోట్‌బుక్ తీశాను. తెలుగు సాహిత్యంలో పిహెచ్‌డి చేసినదాన్ని, ఒక పువ్వు రాయలేనా అనుకున్నాను. అమ్మ చెప్పింది, నేను రాశాను: ఆరు గొలుసులు వేసి గుండ్రంగా కలపాలి. మూడు గొలుసులు పైకి. గుండ్రంలో కాడలు, మొత్తం పద్దెనిమిది. (సూది మీద దారం ఒకసారి చుట్టి వేసే నిలువు కుట్టుని అమ్మ 'కాడ' అంటుంది.) రేకుకి మూడు కాడలు.

మా కాలేజీ విద్యార్థిని ఒకమ్మాయికి ఆ కాగితం ఇచ్చాను. రేకులు ఆరూ అయ్యాక ఒక కాడ మిగిలిపోయింది! అమ్మ చూసి ఒక్క ముక్కలో తేల్చింది: "ఆ మూడు గొలుసులూ ఒక కాడ కింద లెక్క. అది నువ్వు రాయలేదు." చేతికి తెలిసింది కాగితానికి తెలియదు. రాత అంటే అదే.

కాబట్టి రాసేటప్పుడు ఇవి తప్పొద్దు. పైన పేరు, ఊరు, తేదీ. దారం నంబరు, సూది సైజు, పూర్తయ్యాక పువ్వు కొలత. ప్రతి కుట్టుకీ మీ ఇంట్లో వాడే మాట, పక్కనే దాని అర్థం. బ్రిటన్‌లో డబుల్ క్రోషే అన్నది అమెరికాలో సింగిల్ క్రోషే. వాళ్ళలో వాళ్ళకే పొంతన లేనప్పుడు మన మాటకి సిగ్గెందుకు? ఒక్కో చుట్టుకి ఒక్కో లైను, చివర మొత్తం కుట్లు అంకెల్లో. మళ్ళీ మళ్ళీ చేసే భాగం రెండు చుక్కల మధ్య. పక్కన బొమ్మ. చివరగా, అల్లనివాళ్ళ కంటే అల్లడం వచ్చిన కొత్త మనిషికిచ్చి పరీక్షించండి.

చట్టం సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన పాఠం మీద హక్కు రాసినవాళ్ళకి పుట్టుకతోనే వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ తయారైన పువ్వుని చూసి అల్లుకునేవాణ్ణి అది ఆపుతుందని భ్రమపడొద్దు. అందుకు 2000 నాటి డిజైన్ల చట్టం ఉంది: మొదట పదేళ్ళు, ఆపైన ఇంకో అయిదు. అయితే ముందే బయటపెట్టిన డిజైన్‌ని అది కొత్తదిగా ఒప్పుకోదు. రిజిస్టర్ చేయించే ఆలోచన ఉంటే ఫొటో ముందుగా ఫేస్‌బుక్‌లో పెట్టకండి, శాంపిల్ ఏజెంటు చేతికీ ఇవ్వకండి.

"రాస్తే కూలి పెరుగుద్దా?" అని అమ్మ అడిగింది. కాగితం ఒక్కటే పెంచదు. పదిమంది ఆడవాళ్ళు కలిసి తమ పుస్తకం ముందు పెట్టి, "ఈ డిజైన్ మాది, దారం కూలి వేరు, డిజైన్ డబ్బు వేరు" అంటే మాట మారుతుంది. ఆ బేరానికి ఆధారం కావాలి. ఆ ఆధారం ఈ పుస్తకం.

జిల్లాకి బాబాసాహెబ్ పేరు పెట్టినందుకు 2022 మే 24న అమలాపురంలో మంటలు చూసినవాళ్ళం. పేరు విలువేంటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ సెలవుల్లో ఇంటికి ఒక లాంగ్ నోట్‌బుక్ పట్టుకెళ్ళండి. అమ్మ పక్కన కూర్చోండి. మొదటి పేజీలో ఆమె పేరు రాయండి.

మా పుస్తకంలో రాశాను. అమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి, కుట్లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టింది.

జై భీమ్.