దీవిలో నెల రోజులు



కరువు సీమలో ఒక కాపరి నాలుగు రోజులు ఊరు విడిచి వెళితే చాలు, "అయ్యగారు అమ్మగారిని వెంటబెట్టుకొని షికారు పోయినారంట" అనే మాట ఆదివారములోగా వీధులన్నీ తిరిగి వస్తుంది. ఆ మాట అన్నవారిని మేము తప్పు పట్టబోవడము లేదు. అప్పు చేసి శనక్కాయ విత్తనము కొని భూమిలో వేసి, మబ్బు వైపు చూస్తూ కూర్చున్నవానికి షికారు అనే మాటే చేదుగా ఉంటుంది. అయినా సేవకుని విశ్రాంతి అవసరమా, సుఖభోగమా అనే ప్రశ్న మన సంఘములలో చాలా చోట్ల ఉన్నది. అందుచేత ఈ నెల ఒక మిషనరీ దంపతులు దీవికి వెళ్ళిన సంగతి వ్రాయదలచాము.

బర్మా దేశపు మిషనరీ అదోనిరామ్ జడ్సన్ గారి పేరు ఆదివార బడి పిల్లలకు కూడా తెలుసు. ఆయనకు మారిషస్ దీవితో పరిచయము దుఃఖముతోనే మొదలైనది. కలకత్తాలో ఉండనివ్వనందున ఆయన, మొదటి భార్య ఆన్ గారు 1813 ఆరంభములో ఆ దీవి చేరారు. తమతోపాటు అమెరికా నుండి సేవకు బయలుదేరిన హారియెట్ న్యూయెల్ అనే పందొమ్మిదేండ్ల అమ్మాయి 1812 నవంబరు 30న అక్కడే చనిపోయినదని వారికి చేరిన తరువాతే తెలిసినది. అక్కడి నుండి మద్రాసు మీదుగా వెళ్ళి 1813 జూలైలో రంగూన్‌లో అడుగుపెట్టారు. ఆపైన ఆవాలో ఆయన చెరసాల, 1826లో ఆన్ గారి మరణము మీరు ఎరిగినవే.

1834లో ఆయన సారా బోర్డ్‌మన్ గారిని పెండ్లాడారు. ఆమె కూడా మిషనరీయే, మిషనరీ విధవరాలు, యాత్రికుని ప్రయాణమును బర్మా భాషలోకి తెచ్చిన తల్లి. 1840లో బర్మా బైబిలు సవరణ పూర్తి అయ్యేసరికి భర్త ఆరోగ్యము చెడినది. మరుసటి ఏడు మౌల్మేన్‌లో పిల్లలందరికీ జబ్బు, తల్లికి రక్తవిరేచనాలు. గాలి మార్పు తప్ప దారి లేదని 1841 జూన్‌లో ఇంటిల్లిపాదీ ఓడ ఎక్కి కలకత్తా వచ్చి, శ్రీరాంపూర్‌లో ఇల్లు తీసుకొన్నారు. జూలై చివర చిన్నవాడు హెన్రీ అక్కడే చనిపోయాడు. వానికి రెండేండ్లు కూడా నిండలేదు.

అప్పుడు హామ్లిన్ అనే ఓడ కప్తాను తన ఓడలో మారిషస్ మీదుగా మౌల్మేన్ చేరుస్తానన్నాడు. తుఫాను గాలుల్లో వారాల తరబడి ప్రయాణము. పోర్ట్ లూయీ రేవు చేరి ఆ దీవిలో సుమారు నెల రోజులు ఉన్నారు. జడ్సన్ గారి జీవితములో సెలవు అని చెప్పదగినది ఏదైనా ఉంటే అదే. పిల్లలు కోలుకొన్నారు, తల్లి లేచి తిరగసాగినది. డిసెంబరులో అందరూ మౌల్మేన్ చేరారు. కప్తాను చార్జీ తీసుకోనన్నాడు. ఆ మనిషి మాకు బాగా నచ్చాడు. ప్రసంగము చేసినట్టు ఎక్కడా లేదు గాని, ఒక కుటుంబమును బ్రదికించి ఇంటికి చేర్చాడు. ఆ తరువాత జడ్సన్ గారు బర్మా నిఘంటువు పనికి పూనుకొన్నారు. ఆ నెల రోజులు వృథా అనగలమా?

అన్నట్టు, ఆ కాలములోనే కోరంగి రేవు నుండి మన తెలుగు కూలీలు ఆ దీవి చెరకు తోటలకు వెళ్ళారు. నేటికీ మారిషస్‌లో ఉగాదికి సెలవు ఉన్నది. ఒకరు బ్రదుకు తెరువుకు వెళ్ళిన చోటికే మరొకరు ఆరోగ్యము కొరకు వెళ్ళారు.

అయితే దీవికి వెళ్ళిన ప్రతిసారి బాగుపడి వచ్చారని చెప్పలేము. 1845లో సారా గారి జబ్బు తిరగబెట్టినది. ముగ్గురు పసివాళ్ళను మౌల్మేన్‌లో తోటి మిషనరీల దగ్గర వదిలి, పెద్ద ముగ్గురితో అమెరికాకు ఓడ ఎక్కారు. ఆయన స్వదేశము విడిచి అప్పటికి ముప్పది మూడేండ్లు. మళ్ళీ మారిషస్. అక్కడ ఆమెకు ఎంతో నయమైనది. ఇక ఆమె పిల్లలతో వెళ్ళవచ్చు, తాను బర్మాకు తిరిగిపోయి పని చూసుకోవచ్చు అని ఇద్దరూ నిశ్చయించుకొన్నారు. ఆ ఎడబాటును గూర్చి ఆమె ఒక పద్యము కూడా వ్రాసినది. కాని జబ్బు మళ్ళీ ముదిరినది. ఆయన ఆమెను విడువలేదు. సెప్టెంబరు 1న సెయింట్ హెలెనా దీవి రేవులో ఆమె కన్నుమూసి, ఆ దీవి నేలలోనే పాతిపెట్టబడినది. మౌల్మేన్‌లో విడిచి వచ్చిన పసివాళ్ళలో ఒకడు అప్పటికే నెల క్రితము చనిపోయిన సంగతి ఆ తల్లికి తెలియదు. 1850లో జడ్సన్ గారే బూర్బన్ దీవికి గాలి మార్పుకని వెళ్తూ ఏప్రిల్ 12న ఓడలో చనిపోయారు, సముద్రములోనే సమాధి. మూడవ భార్య ఎమిలీ గారికి ఆ కబురు అందడానికి నాలుగు నెలలు పట్టినది.

ఇవి చదివితే మాకు ఒకటి తోస్తుంది. మంచము పట్టిన తరువాత వెతికిన విశ్రాంతి అది. సెలవు అని కాదు, చివరి ఔషధము అని వెళ్ళారు. ఆ 1845లోనే మదురై అమెరికన్ మిషను వారు, తమవారు ఒకరి వెనుక ఒకరు రోగాలతో పోగా, కొడైకెనాల్ కొండ మీద మొదటి రెండు ఇండ్లు కట్టారు. మన నెల్లూరులో తెలుగు మిషను ప్రారంభించిన శామ్యూల్ డే గారు కూడా ఆరోగ్యము చెడి స్వదేశము వెళ్ళి, 1849లో జ్యూయెట్ దంపతులతో తిరిగి వచ్చారు. వెళ్ళి ఉండకపోతే తిరిగి వచ్చేవారే కారు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఎండాకాలము దొరలు, దొరసానులు కొండలెక్కితే, ఊళ్ళలో ఉపదేశులు క్రిందనే ఉన్నారు. వారి భార్యలు బావుల నుండి నీళ్ళు మోశారు. వారికి కొండ మీద ఇల్లు ఎవరు కట్టారు? మన పాస్టరులు ఆ ఉపదేశుల వారసులే గాని ఆ దొరల వారసులు కారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకొనే ఈ సీమలో కానుక పళ్ళెము కూడా వానను బట్టే నిండుతుంది.

విశ్రాంతి అడగడము అవిశ్వాసము అనేవారు 1 రాజులు 19 చదవాలి. బదరీవృక్షము క్రింద చచ్చిపోవాలని కోరిన ఏలీయాకు దూత గద్దింపు చెప్పలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్ళు రెండుసార్లు పెట్టినది. మార్కు 6లో తినడానికైనా తీరిక లేని శిష్యులను ప్రభువే దోనెలో ఏకాంత స్థలమునకు తీసుకొనిపోయాడు. జనము కాలినడకన ముందే అక్కడికి చేరారు, అది వేరే సంగతి.

మా మట్టుకు మేము సంఘపెద్దలకు చెప్పేది ఇది. దీవులు వద్దు. విత్తనము వేసిన తరువాత ఒక వారము పక్క పాస్టరేటు కాపరిని ఆదివారమునకు పిలిచి, మీ కాపరిని భార్యతో సహా పంపండి. మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండ ఉన్నది, లేదంటే ఆమె పుట్టింటికైనా సరే. అయితే అక్కడ కూడా ఆమె పొయ్యి ముందే కూర్చుంటే అది ఆయనకు సెలవు, ఆమెకు కాదు.

ఒక ఊరిలో ఈ మాటే చెప్పగా వెనుక వరుస నుండి కూలికి పోయే ఒక అక్క లేచి, "మరి మాకెప్పుడు అయ్యగారూ?" అన్నది. నిర్గమకాండము 23:12లో విశ్రాంతి ఎద్దుకు, గాడిదకు, దాసి కుమారునికి, పరదేశికి అని వ్రాయబడి ఉన్నది. కాపరి పేరు అక్కడ లేదు. ఆ సభలో పొలము గలవారు నలుగురు కూర్చొని ఉన్నారు. కలుపు తీసే కూలీలకు ఆదివారము పని మాన్పించి, శనివారమే కూలి డబ్బు చేతికి ఇవ్వడము వీలవుతుందా అని అప్పటికప్పుడే మాట్లాడుకొన్నారు. ఇద్దరు ఒప్పుకొన్నారు. మిగిలిన ఇద్దరు వాన పడనీ చూద్దాము అన్నారు.