నీటి అడుగున వున్నది ఎవరిది?



ఎండాకాలం సెలవుల్లో మీరు పెద్దవాళ్ళతో నాగర్‌కర్నూలు జిల్లాలోని సోమశిలకు వెళ్ళారనుకోండి. వానాకాలంలో సముద్రంలా కనిపించిన కృష్ణ అప్పటికి బాగా వెనక్కు తగ్గివుంటుంది. ఎండి బీటలువారిన ఒండ్రులో చెక్కిన రాయి ఒకటి మీ కాలికి తగిలింది. ఏం చేస్తారు? “ఎవరిదీ కాదుగదా!” అని ఇంటికి తెచ్చుకుంటారా? ఆగండి, ముందు ఈ సంగతి వినండి.

శ్రీశైలం ఆనకట్టకు 1963లో శంకుస్థాపన జరిగింది. 1980 దశకంలో నీరు నిలిచి, కృష్ణా తుంగభద్రల ఒడ్డునున్న ఎన్నో పల్లెలూ, పొలాలూ, గుళ్ళూ మునిగిపోయాయి. కొన్ని గుళ్ళను మాత్రం ముందే విప్పి గట్టుకు తెచ్చారు. గుడిని విప్పటమేమిటి అంటారా? ప్రతి రాయికీ ఒక అంకె వేస్తారు. ఏ రాయి పక్కన ఏది వున్నదో పటం గీసుకుంటారు. తరవాత ఒక్కొక్క రాయినే దించి, కొత్తచోట అదే వరసలో పేరుస్తారు. రెండు నదులూ కలిసేచోట కూడవెల్లిలో వుండిన సంగమేశ్వరాలయం ఇలాగే గద్వాల జిల్లాలోని అలంపురం చేరింది. సోమశిల, జటప్రోలు గుళ్ళు కూడా ఇలా గట్టెక్కినవే. ఏ రాయి ఎక్కడిదో తెలియకపోతే గుడి లేదు, రాళ్ళగుట్టే మిగిలేది!

గద్వాలలోనో, వనపర్తిలోనో వుండే మీకు సముద్రం చాలా దూరం. అయినా సముద్రంలో మునిగిన ఓడల సంగతి కూడా ఇంతే. ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్ 1545లో మునిగింది. బురదలో కూరుకుపోయిన భాగానికి గాలి తగలలేదు, పురుగు పట్టలేదు. అందుచేత అది చెడకుండా వుండి, 1982లో పైకి వచ్చింది. అంతకుముందు ఈతగాళ్ళు ఎన్నోసార్లు అడుగుకు దిగి, ఏ వస్తువు ఎక్కడ దొరికిందో రాసుకున్నారు. ఒక చిన్నగదిలో పెట్టె దొరికింది. దాన్నిండా మందుజాడీలు, వైద్యుడి పనిముట్లు! అది ఓడ వైద్యుడి గది అని అలా తెలిసింది. జాడీని ఒకడూ, పెట్టెను ఇంకొకడూ ఎత్తుకుపోయివుంటే ఆ సంగతి ఎవరికి తెలిసేది?

అందుకే బ్రిటన్‌లో 1973లో ఒక చట్టం చేశారు. రక్షణ కల్పించిన పాత ఓడల దగ్గరకు లైసెన్సు లేనిదే ఎవరూ దిగరాదు. అలా అని ఎవరూ చూడనే కూడదని కాదు. ప్లిమత్ దగ్గర 1691లో మునిగిన కారొనేషన్ అనే ఓడను చూడటానికి, సరదాకు ఈదేవాళ్ళు కూడా లైసెన్సు పుచ్చుకుని, వీపున గాలి సిలిండరు కట్టుకుని దిగుతారు. ఫిరంగులనూ, లంగరులనూ కళ్ళారా చూస్తారు. ఒక్క మేకు కూడా తెచ్చుకోరు.

మనకూ 1878లో చేసిన చట్టం ఒకటి వున్నది. భూమిలో దాగిన నిధి దొరికి, దాని విలువ పదిరూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయాలి. మరి మీ కాలికి తగిలిన రాయి? అది ఏ గుడి గడపో, ఏ ఇంటి అరుగో అయివుండవచ్చు. ఊరు మునిగి లేచిపోయినవాళ్ళకు, వాళ్ళ మనమలకు అది గుర్తు. మీరు తెచ్చుకుంటే మీ ఇంట అది ఒట్టి రాయి. వున్నచోటనే వుంటే అది ఒక ఊరి కథ. కనుక దాన్ని కదపకండి. బొమ్మ గీసుకుని, చోటు గుర్తుపెట్టుకుని, మీ మేష్టారికి చెప్పండి. ఒంటరిగా మాత్రం ఏటిలోకి దిగవద్దు. పైకి గట్టిగా కనిపించే ఒండ్రు లోపల ఊబిగా వుంటుంది.

ఇంటిదగ్గర ఈ పని చేసి చూడండి. రకరకాల రాళ్ళు ఇరవై ఏరి చిన్నగుడి కట్టండి. సుద్దతో అంకెలు వేసి, పటం గీసుకుని, విప్పి మరోచోట కట్టండి. తరవాత అంకెలు చెరిపేసి, పటం దాచేసి, మీ తమ్ముడిని కట్టమనండి. తేడా ఇద్దరికీ తెలుస్తుంది!